చదివింపుల పుస్తకం

పెళ్ళి కుదిరిన వారానికి నేనొక ఎక్సెల్ షీటు తయారుచేశాను. పైన ‘మొత్తం: 6 లక్షలు’ అని రాసి, ఆ గడికి పసుపు రంగు పూసి నాన్నకి వాట్సప్ చేశాను. నీలం టిక్కులు పడ్డాయిగానీ జవాబు రాలేదు. ఆదివారం తెనాలి వెళ్తే, నాన్న షీటు ఊసెత్తకుండా బీరువాలోంచి ఒక లాంగ్ నోట్‌బుక్ తీసి నా ముందు పెట్టాడు.

ముందు వైపు నుంచి తిరగేస్తే అక్క పెళ్ళికి మాకొచ్చిన చదివింపులు. పేరు, ఊరు, ఎదురుగా అంకె. 116, 516, 1116. మధ్యలో ఒక స్టీలు బిందె, రెండు గోడ గడియారాలు. వెనక వైపు నుంచి తిరగేస్తే, ఇన్నేళ్ళలో నాన్న బస్సులెక్కి ఊళ్ళు తిరిగి చదివించి వచ్చినవి.

“ఇన్ని ఇళ్ళల్లో విస్తరి ముందు కూర్చున్నానమ్మా. మన ఇంట్లో వాళ్ళకి వెయ్యొద్దా?” అన్నాడు.

నా దగ్గర దీనికి సమాధానం ఉందనే అనుకున్నాను. కానుక అనేది ఉత్త కానుక కాదు, తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత కూడా అందులోనే ఉంటుందని మార్సెల్ మాస్ 1925లోనే రాశాడు కదా, ఈ గొలుసుని ఎవరో ఒకరు తెంపాలి కదా అని మొదలుపెట్టాను. నాన్న వింటూనే షీటు తెరిచి ఒక వరుస మీద వేలు పెట్టాడు. ఫొటోగ్రఫీ, వీడియో, డ్రోన్: 1,80,000.

“భోజనం ఎంతన్నావు, 450 కదా? ఈ డబ్బుతో నాలుగొందల మంది తింటారు.”

నిజమే. పొదుపు పేరుతో నేను మొట్టమొదట కోసింది మనుషుల్ని. 800 మందిని 120 చేశాను. పోయినవాళ్ళలో మా పాత ఇంటి పక్క టైలరు మావయ్య ఉన్నాడు, నాన్నతో పనిచేసిన అటెండరు కుటుంబం ఉంది. మిగిలినవాళ్ళు ఫొటోల్లో బాగుండేవాళ్ళు. నిరాడంబరత అనుకున్నదాన్ని కాస్త గీకితే కింద ఇది కనబడింది. ఇంటిమేట్ వెడ్డింగ్ అనే మాట మా ఆఫీసులో తరచూ వింటుంటాను. ఎవరిని పిలవకుండా ఉండొచ్చో తేల్చుకోడానికి అదొక మర్యాదైన పేరు.

1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు, ఎదురు నిలిచినవాళ్ళ చేతిలో ఉన్న పెద్ద ఆయుధం వెలి. అంటే పిలిస్తే రాకపోవడం, పెడితే తినకపోవడం. అంతటి ఆయుధం అది ఎందుకైందో నాన్న పుస్తకం చూశాక కొంచెం అర్థమైంది. వచ్చి బంతిలో కూర్చుని తిన్న మనిషి ‘ఈ పెళ్ళి నాకు సమ్మతమే’ అని చెప్పి వెళ్తున్నట్టు.

ఇక్కడితో నాన్న గెలిచాడని రాసి ముగించొచ్చు. కానీ ఆయన లెక్క కూడా అడిగాను. 22 లక్షలట. దాచుకున్నది 12. మిగతా పదీ నూటికి రెండు రూపాయల వడ్డీకి. నెలకి 20 వేలు వడ్డీకే పోతుంది, ఆయన పెన్షన్ 38 వేలు. అసలు సంగతి ఆ కాగితం వెనక కూడి చూస్తే తేలింది. 800 మంది భోజనాలకయ్యేది 3 లక్షల 60 వేలు. చదివింపుల పుస్తకంలోని మనుషులందరి ఖర్చూ అంతే! మిగతా పద్దెనిమిది లక్షల పైచిలుకు దేనికి? ఏసీ ఫంక్షన్ హాలు, ఎల్ఈడీ స్క్రీన్లు, సంగీత్, రిటర్న్ గిఫ్టులు, బంగారం. అవేవీ టైలరు మావయ్య అడగలేదు.

అడిగినవాళ్ళు వేరే. “మాకు కానీ కట్నం వద్దు, పెళ్ళి మాత్రం ఘనంగా చెయ్యండి” అన్నారు అబ్బాయి తరఫువాళ్ళు. ఆ మాటకి ఆ రోజు మేమంతా పొంగిపోయాం, అమ్మ కళ్ళు కూడా తుడుచుకుంది. ఆ డబ్బు ఎవరి చేతికీ అందదు కాబట్టి దాన్ని ఎవరూ కట్నం అనరు. నేను డెకరేషన్ చాటున మనుషుల్ని తీసేశాను, నాన్న మనుషుల చాటున భయాన్ని దాచాడు. ఇద్దరిలో ఎవరిది పెద్ద తప్పో నాకు తెలీదు, నాదే అనిపిస్తుంది, నాకు వడ్డీ కట్టాల్సిన పనిలేదు కాబట్టి.

“మీ డబ్బు మీ ఇష్టం అనుకోలేను నాన్నా. ఆ అప్పు నా పేరు మీదే కదా చేస్తున్నారు” అన్నాను.

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు ఊరికేనా,” అని నవ్వబోయాడు. ఆ సామెతలో నాకు ఎప్పుడూ వినబడని సంగతి ఒకటుంది. పరీక్ష ఎప్పుడూ తండ్రికే. పెళ్ళి చేసుకునేవాళ్ళకి అందులో చోటే లేదు.

సాయంత్రం దాకా కూర్చుని కొత్త షీటు చేశాం. 800 మంది తిరిగొచ్చారు. డ్రోన్ పోయింది. అరిటాకులు, పందిరి, సన్నాయి మేళం ఉన్నాయి. తొమ్మిది లక్షల దగ్గర ఇద్దరం ఆగాం. నాన్న ఒక వరుస తియ్యనివ్వలేదు: ‘మర్యాదలు, 3 లక్షలు’. ఏ మర్యాదలు నాన్నా అంటే చెప్పడు.

అబ్బాయికి ఫోన్ చేశాను. విషయం అంతా విన్నాడు. “మా నాన్నతో నువ్వు మాట్లాడతావా, నన్ను మాట్లాడమంటావా?” అన్నాడు. నువ్వే మాట్లాడు అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. ఈ వారం ఊరెళ్తున్నాడు. షీట్లో ఆ గడిని నేను ఖాళీగా ఉంచాను.