ఆ రాత్రి బాంకో అడిగినప్పుడు

బుకిట్ బటోక్,
సింగపూర్.

చిరంజీవి అమ్మలుకు,


మాక్‌బెత్‌ను దుర్మార్గుడనాలా, దురదృష్టవంతుడనాలా అని అడిగావు. పరీక్షలో ఏం రాయాలో మీ మేడమ్ చెబుతారు. నాకు తోచింది నేను చెబుతాను.

‘మాక్‌బెత్’ నాటకంలో నన్ను భయపెట్టేది మంత్రగత్తెలూ కాదు, నెత్తురు అంటిన బాకులూ కాదు. డంకన్‌ను చంపడం ఎందుకు తప్పో చంపకముందే మాక్‌బెత్‌కు పూర్తిగా తెలిసి ఉండటం. డంకన్ తన చుట్టం, తన రాజు, ఆ రాత్రి తన ఇంటికొచ్చిన అతిథి, పైగా మెత్తని మనసున్న పాలకుడు. ఇవన్నీ మాక్‌బెత్ తానే ఒక్కొక్కటిగా చెప్పుకుంటాడు. చంపడానికి తనకున్న కారణం పైకెక్కాలన్న కోరిక ఒక్కటేనని కూడా ఒప్పుకుంటాడు. అయినా చంపుతాడు. మంచీచెడూ తెలిస్తే చాలు, పిల్లలు తప్పుదారి పట్టరని పెద్దవాళ్ళం ధీమాగా ఉంటాం. 1606 ప్రాంతంలో రాసిన ఈ నాటకం ఆ ధీమాను మొదటి అంకంలోనే లాగేస్తుంది.

అలాంటప్పుడు మనిషిని ఆపేది ఏమిటి? మాక్‌బెత్ తోటి సేనాని బాంకోను చూడు. మంత్రగత్తెల మాట ఇద్దరూ కలిసే విన్నారు. నువ్వు రాజువవుతావని ఒకరికి, నీ వంశంవాళ్ళు రాజులవుతారని రెండోవారికి. ఆశ ఇద్దరికీ పుట్టింది. రెండో అంకం మొదట్లో, హత్య జరగబోయే రాత్రి, బాంకో తానే ఆ ఊసెత్తి, వాళ్ళు తనకు కలలోకి వచ్చారంటాడు. తాను వాళ్ళను తలచుకోవడమే లేదంటాడు మాక్‌బెత్. ఎప్పుడైనా తీరిగ్గా మాట్లాడుకుందామనీ, తన పక్షాన ఉంటే గౌరవం దక్కుతుందనీ ఆశ పెడతాడు. మనస్సాక్షికి మచ్చ రానంతవరకూ సరేనంటాడు బాంకో. నాలుగు మాటలు. చదివేటప్పుడు గబగబా దాటేస్తాం. కానీ నాటకం అక్కడే మలుపు తిరిగిందని నా నమ్మకం. కోరిక పుట్టడం మాక్‌బెత్‌ను పాడు చేయలేదు. ఆ కోరికలో పాలున్న మనిషి ఎదురుగా నిలబడి అడిగితే లేదని బొంకడం పాడు చేసింది. దాచాడు గనక ఆ మనిషిని చూస్తే భయం. భయపడ్డాడు గనక ఆ మనిషి బతకకూడదు. మూడో అంకంలో బాంకోను చంపిస్తాడు, నాలుగో అంకంలో మాక్‌డఫ్ అనే ప్రభువు భార్యాబిడ్డలను. కిరీటం కోసం పోయిన ప్రాణాలకంటే కిరీటం వచ్చాక పోయినవే ఎక్కువ.

బాంకోను కూడా నేను పూర్తిగా వెనకేసుకురాను. హత్య ఎవరు చేశారో అతనికి అనుమానం వచ్చింది. తన వంశానికి చెప్పిన జోస్యం కూడా ఫలిస్తుందేమోనని నోరు విప్పలేదు. చివరికి ఆ నోరు మెదపకపోవడమే అతన్నీ ముంచింది.

నీ ఉత్తరంలో నువ్వు పెద్దగా పట్టించుకోకుండా రాసిన ఒక వాక్యం ఉంది. కాలేజీ నుంచి ఒక్కరికే ఇచ్చే స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టావు. నీ గదిలోనే ఉండే స్నేహితురాలు, పెడుతున్నావా అని అడిగితే, ఆ ఆలోచనే లేదన్నావు. ఆ వాక్యం చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. స్కాలర్‌షిప్ కోరుకోవడం తప్పు కాదమ్మా, గట్టిగా కోరుకో. కానీ ఆ పిల్ల అడిగింది, నువ్వు లేదన్నావు. ఇప్పుడు ఆమె గదిలోకి వస్తే ఫోను తిప్పి పెడుతున్నావేమో, ఆమెకు ఎవరు చెబుతారోనని లెక్కలు వేస్తున్నావేమో. రేపు ఆమె మీద కోపం తెచ్చుకోవడానికి ఏదో ఒక కారణం వెతుక్కుంటావు. నా బెంగంతా దాని గురించే.

మనవాళ్ళకూ ఇలాంటి కథ ఉంది. బళ్ళారి వకీలు కోలాచలం శ్రీనివాసరావు దాన్ని ‘రామరాజు చరిత్ర’ పేరుతో నాటకం చేశారు. అందులో పఠాను వేషంతో బళ్ళారి రాఘవ జనాన్ని ఊపేశాడు. హంపి శిథిలాల పొరుగున బతికినవాళ్ళకు అది పుస్తకంలో చదివిన కథ కాదు, రోజూ కంటికి కనిపించే పతనం. కృష్ణదేవరాయల అల్లుడు రామరాయలు సదాశివరాయలను పేరుకు సింహాసనం మీద కూర్చోబెట్టి విజయనగర రాజ్యాన్ని తాను ఏలాడు. ఒకసారి అహ్మద్‌నగర్‌తో కలిసి బిజాపూర్ మీదికి, మరోసారి బిజాపూర్‌తో కలిసి అహ్మద్‌నగర్ మీదికి వెళ్ళాడు. ఏ స్నేహం వెనక ఏముందో ఎవరికీ తెలియనివ్వలేదు. గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా, మన కవులు మల్కిభరాముడని పిలుచుకున్నవాడు, అన్నకు భయపడి పారిపోయి విజయనగరంలో ఏళ్ళ తరబడి తలదాచుకున్నాడు. రామరాయలు అతన్ని ఆదరించాడు. అటువంటివాడు కూడా 1565 జనవరిలో జరిగిన యుద్ధంలో మిగతా సుల్తానులతో కలిసి ఎదుటి పక్షాన నిలబడ్డాడు. రామరాయల తల ఆ యుద్ధభూమిలోనే తెగింది, నగరం నాశనమైంది. సుల్తానులకు వాళ్ళ స్వార్థాలు లేకపోలేదు. కానీ ఎవరినీ నమ్మనివ్వని మనిషికి కష్టకాలంలో నమ్మకస్తులు మిగలరు.

నేనుండే చోటా ఇలాంటి గుర్తు ఒకటి ఉంది. 1942 ఫిబ్రవరి 15న ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న ఫోర్డ్ ఫ్యాక్టరీలో బ్రిటిష్ సేనాని పెర్సివల్, జపాన్ సేనాని యమషితకు లొంగిపోయాడు. ఆ తర్వాత బుకిట్ బటోక్ కొండ మీద, చనిపోయిన జపాన్ సైనికుల కోసం, యుద్ధ ఖైదీల చేత స్మారక స్తంభం కట్టించారు. జపాన్ 1931లో మంచూరియాలోకి చొరబడింది, 1937లో చైనా లోపలికి. ఆ యుద్ధం ఆపలేక, 1941లో అమెరికా చమురు నిలిపేస్తే, చమురు కోసం దక్షిణానికి. గెలిచింది నిలుపుకోవాలంటే ఇంకొకటి గెలవాలి. మూడున్నరేళ్ళలో అంతా కూలింది. 1945లో ఓడిపోయినవాళ్ళే ఆ స్తంభాన్ని పడగొట్టేశారు. యమషితను 1946లో ఫిలిప్పీన్స్‌లో ఉరి తీశారు. ఇప్పుడు పైన ప్రసారాల టవరు, కింద నుంచి ఎక్కే పాత మెట్లు ఉన్నాయి. వచ్చినప్పుడు తీసుకెళ్తాను, కాస్త ఆయాసం వస్తుంది.

ఇక మాక్‌బెత్ భార్య, లేడీ మాక్‌బెత్ గురించి. ఆమె ఒక్కతే అతన్ని చెడగొట్టిందని కొందరంటారు. నేను ఒప్పుకోను. అయితే అతను వెనక్కి తగ్గుదామన్న ఒక్క క్షణంలో, నువ్వు మగాడివేనా అని పొడిచి మళ్ళీ ముందుకు నెట్టింది ఆమే. ప్రేమ ఉన్నవాళ్ళే అలా నెట్టగలరు, ఎందుకంటే ఎక్కడ పొడవాలో వాళ్ళకే తెలుసు. మీ నాన్న ప్రతి ఆదివారం ఫోనులో ‘స్కాలర్‌షిప్ ఏమైంది’ అంటున్నాడని తెలుసు. పోయిన నెల నేనూ అడిగాను. మాకు ఎదురు చెప్పలేక నువ్వు ఆ పిల్లకు అబద్ధం చెప్పి ఉంటే, అందులో మా పాలు కూడా ఉంది. దరఖాస్తు వెనక్కి తీసుకోవద్దు. ఆ అమ్మాయికి మాత్రం ఈ వారంలోనే చెప్పు, ఆమెనూ పెట్టమను. ఆమెకే వస్తే మీ నాన్నతో నేను మాట్లాడతాను.

మీ పెదనాన్న