మెచ్చని మనిషికి కుట్టిన కానుక

ధ్యానభాగములు: ఆదికాండము 4:3–8, 1 సమూయేలు 2:18–19, అపొస్తలుల కార్యములు 9:36–42



పత్తి తీతలు సాగుచుండగనే మన పల్లెలలో క్రిస్మస్ మాట మొదలగును. ఇండ్లకు సున్నము వేయుట, పిండివంటలు, క్రొత్త బట్టలు, వీటితోకూడ ఒక ప్రశ్నయు సంఘకాపరులమైన మా యొద్దకు వచ్చుచుండును. "అయ్యగారూ, మా అత్తమ్మకు ఏం కుట్టిచ్చినా నచ్చది. ఇయ్యకుంటె ఒక్క మాట, ఇస్తె పది మాటలు. ఏం జెయ్యాలె?" అని కోడలు అడుగును. ఆ మనిషి అత్తయే కానక్కరలేదు. పెద్ద ఆడబిడ్డ గాని, మేనత్త గాని, కన్నతల్లియే గాని కావచ్చును. మెప్పించుటకు కష్టమైన మనిషి ఏ కుటుంబములోనైనను ఒకరుందురు.

ఇది ఆడవారి చిన్న తగవని మగవారు నవ్వి ఊరకుందురు. మేమట్లు తలంచుట లేదు. "నేనిచ్చిన గుడ్డను మూలకు పడవేసినది" అను మాట మనస్సులో పెట్టుకొని ఏండ్ల తరబడి ముఖము చాటుచేసికొనువారు కలరు. మరియు ఈ ప్రశ్న వెనుక మరియొక ప్రశ్న నిలిచియున్నది. మనము కష్టపడి కానుక చేసినప్పుడు, పుచ్చుకొనువారు దానిని మెచ్చుకొనవలెనని అడుగు హక్కు మనకు కలదా?

అంగడిలో కొన్న చీర నచ్చకపోయిన యెడల తప్పు అంగడిమీదికి పోవును. మన చేత కుట్టినది నచ్చకపోయిన యెడల ఆ మాట మన చేతిమీదికి వచ్చును. పగలంతయు చేను పని చేసి, రాత్రి దీపము దగ్గర కన్నులు నొప్పిపెట్టునట్లు గొలుసు కుట్టు, కాడ కుట్టు వేసిన స్త్రీకి, "గిదేం రంగు? గీ కుట్టేంది?" అను మాట సూదికంటె లోతుగా దిగును. కాబట్టి చేతికుట్టు కానుకలో ప్రేమ ఎక్కువ, ప్రమాదము కూడ ఎక్కువ. మన కష్టము అప్పుపత్రమువలె మారిపోవును. "ఇన్ని దినములు కుట్టితిని, కనుక నీవు నన్ను పొగడుట బాకీ" అని మనము నోట చెప్పకపోయినను, మన చూపులు చెప్పును. కొందరు ముసలివారు గుడ్డను చూచి గాక, ఆ బాకీని చూచి వెనుకకు తగ్గుదురు. తిరిగి ఇచ్చుకొనలేని బీద బంధువు ముఖము చిట్లించుటకు అనేక పర్యాయములు ఇదియే కారణము.

పరిశుద్ధ గ్రంథములో త్రోసివేయబడిన మొదటి కానుక కయీనుది. మన అత్తగారు దేవుడు కాదు. ఆమె తీర్పులన్నియు న్యాయమైనవని మేము చెప్పుట లేదు. అయితే కయీను కథలో ఇచ్చువానికి ఒక హెచ్చరిక కలదు. కానుక అంగీకరింపబడనప్పుడు అతని ముఖము చిన్నబోయెను, కోపము రగిలెను. వాకిట పొంచియున్న పాపమునుగూర్చి ప్రభువు అతనికి ముందుగానే చెప్పెను. అతడు వినలేదు. ఆ కోపము కానుకతో సంబంధమే లేని తమ్మునిమీద పడెను. మన యిండ్లలోను ఇట్లే జరుగును. అత్త గుడ్డను వద్దనును, దెబ్బ పిల్లవాని వీపుమీద పడును. మనము నిజముగా ప్రేమతో ఇచ్చితిమా లేదా అనునది కానుక కుట్టునప్పుడు తెలియదు, అది నచ్చలేదని వినినప్పుడు తెలియును.

అయితే ఏమియు ఇయ్యక ఊరకుండుట మంచిదా? కాదు. ఎట్లు ఇయ్యవలెనో హన్నా మనకు నేర్పుచున్నది. ఆమె తన కుమారుని షిలోహులో యాజకుడైన ఏలీ యొద్ద విడిచెను. ఏటేట బలి అర్పించుటకు పోవునప్పుడు అతనికి చిన్న అంగీ కుట్టి తీసికొనిపోయెను. తల్లులారా, ఆలోచించుడి. ఎదిగే పిల్లవానిని ఏడాదికొక మారు చూచు తల్లికి కొలత ఎట్లు తెలిసెను? పోయిన యేడు వాడు ఎంత ఎత్తు ఉండెను, ఈ యేడు ఎంత పెరిగియుండును, చేతులు ఎంత పొడుగు సాగియుండును అని ఆమె ఏడాది పొడుగున తలంచియుండవలెను. ఆ తలంపే ఆమె కొలత టేపు. కుట్టుపని కానుకకు మొదటి పని గుడ్డ కొనుట కాదు, మనిషిని చూచుట.

కాబట్టి మెచ్చని ఆ మనిషిని ఒక నెల దినములు ఊరక చూడుడి. ఆమె ఏ సమయమున విసుగుకొనుచున్నది? చేయి ఎత్తలేకపోవుచున్నదా? భుజము పట్టుకొనిపోయిన ముసలమ్మకు బిగువు చేతుల రవికె శిక్షయే. వదులు చేతులు, మెత్తని నూలుగుడ్డ, ముందువైపున వ్రేళ్లకు సుళువుగా దొరకు పెద్ద గుండీలు పెట్టి కుట్టిన, ఆమె ఏమియు అనకుండ దానినే ఉతికి ఉతికి తొడుగుకొనును. నెల పింఛను డబ్బులు కొంగున ముడివేసికొని పోగొట్టుకొనునా? రొంటిన దోపుకొనుటకు నాడా గల చిన్న సంచి కుట్టుడి. మాత్రలు కలగలిసిపోవుచున్నవా? ప్రొద్దుటికి ఒక అర, రాత్రికి ఒక అర గల గుడ్డ సంచి కుట్టుడి. ఆరాధనకు బైబిలు చంకన పెట్టుకొని వచ్చునా? భుజమున వేసికొను బైబిలు సంచి చేయుడి.

అందమైనదంతయు తగినది కాదు. దేవరకొండ, అచ్చంపేట వైపు తండాలలో లంబాడీ స్త్రీలు అద్దములు, గవ్వలు కూర్చి కుట్టు పని చూడ ముచ్చటగా నుండును. పండుగనాడు తొడుగు వస్త్రమునకు అది శోభ. ఆ అద్దములనే దిండు గలీబుమీద కుట్టిన యెడల చూచువారికి అందము, పండుకొనువారి చెంపకు గీతలు. మన నేర్పు చూపుటకు కుట్టుచున్నామా, ఆమె నిద్రకొరకు కుట్టుచున్నామా అని సూదిలో దారము ఎక్కించుటకు ముందే తేల్చుకొనవలెను.

మన ప్రాంతమున బొంత ఎరుగని యిల్లు లేదు. పాత చీరలు పొరలు పొరలుగా పరచి, ఎండాకాలము మధ్యాహ్నము చెట్టు నీడను కూర్చుండి, అంచునుండి నడిమికి వరుస కుట్లు వేయుదురు. బీదవారి కానుకలలో దీనికి మించినది అరుదు. భర్తను పోగొట్టుకొనిన తల్లికి ఆయన ధోవతి ఒక పొరగా వేసి కుట్టిన బొంత ఎట్టి ఆదరణయో చెప్పనక్కరలేదు. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త. అడుగకుండ ఆమె పెట్టె తెరచి పాత చీర కత్తిరింపవద్దు. మనకు చినిగిన గుడ్డగా కనబడునది ఆమెకు పెండ్లినాటి జ్ఞాపకము కావచ్చును. "అత్తమ్మా, ఈ చీరలు కలిపి బొంత కుట్టనా? ఏది పైన వెయ్యాలె?" అని అడిగిన యెడల, సగము మెప్పు అక్కడనే దొరకును. చాల మంది కఠినముగా నుండుటకు కారణము, ఎన్నో ఏండ్లుగా ఎవరును వారి ఇష్టము అడుగకపోవుటయే.

మరియొక మాట. పోచంపల్లి నేతగాండ్రు మగ్గమునకు ఎక్కించుటకు ముందే నూలు కట్టలు కట్టి రంగులద్దుదురు. చిత్రము ఎట్లుండవలెనో గుడ్డ పుట్టకముందే నిర్ణయమైపోవును. కుట్టుపని అట్టిది కాదు. కుట్టు విప్పి మరల కుట్టవచ్చును. మంచి దర్జీ ప్రక్కకుట్టులో రెండు వ్రేళ్ల గుడ్డ లోపల వదలిపెట్టును, మనిషి లావైన విప్పుకొనుటకు. మన కానుకలో కూడ అట్టి చోటు ఉండవలెను. "బిగువైతె చెప్పు, విప్పి ఇస్త" అని ఇచ్చుచుండగానే చెప్పుడి. అప్పుడు ఆమె తప్పు పట్టినను అది తగవు కాదు, కొలతయే.

మిక్కిలి ప్రేమతో చేసినదియు తప్పుగా ఎంచబడవచ్చుననుటకు ఒక నిదర్శనము చెప్పుదుము. 1947 నవంబరు 20వ తేదీన ఇంగ్లండు రాజకుమారి ఎలిజబెత్తు వివాహము జరిగెను. గాంధీగారి యొద్ద ఇచ్చుటకు ఆస్తి ఏమియు లేదు. మౌంట్‌బాటన్ ప్రభువు సలహామీద, తాను వడికిన నూలుతో చేయించిన ఒక చిన్న గుడ్డను కానుకగా పంపెను. దాని నడుమ "జై హింద్" అను మాటలు అల్లబడియుండెను. పెండ్లికుమార్తె నాయనమ్మయైన మేరీ రాణి దానిని చూచి, గాంధీగారి కొల్లాయిగుడ్డ అనుకొని, ఇట్టిదా కానుక అని అసహ్యపడెనని మౌంట్‌బాటన్ కుమార్తె పమేలా తరువాత తెలిపెను. పెండ్లికుమారుడైన ఫిలిప్ మాత్రము గాంధీగారి పక్షముననే మాటలాడెనట. గాంధీగారు ఆ వివాహము తరువాత మూడు నెలలైనను బ్రదుకలేదు. అయితే 2022 సెప్టెంబరులో ఎలిజబెత్తు రాణి మరణించినప్పుడు, గాంధీగారు పెండ్లికి ఇచ్చిన ఆ గుడ్డను ఆమె ఒక మారు తనకు చూపించెనని మన ప్రధానమంత్రి నరేంద్ర మోదీ గారు తెలియజేసిరి. మోదీ గారు ఆమెను కలిసికొనినది 2015లోను, 2018లోను. ఒకరు అసహ్యించుకొనిన గుడ్డను, పుచ్చుకొనిన ఆమె అరువది ఏండ్లు దాటినను దాచుకొనెను. వడికినవారికి ఆ సంగతి తెలిసే వీలే లేదు. ఇచ్చుట మన వంతు. దాచుకొనుట, మెచ్చుకొనుట, వద్దనుట వారి వంతు.

యొప్పేలోని దొర్కా కూడ తన పనికి కలిగిన మెప్పును తన చెవులతో వినలేదు. ఆమె చనిపోయిన తరువాతనే విధవరాండ్రు ఏడ్చుచు, ఆమె కుట్టిన అంగీలను పేతురునకు చూపిరి. ఆ విధవరాండ్రందరు సుళువుగా సంతోషించువారని లూకా వ్రాయలేదు. వారిలోను ఒకతె "చేతులు పొట్టిగా ఉన్నవి" అనియుండవచ్చును. దొర్కా కుట్టుట మానలేదు. ప్రభువు ఆమెను మరల లేపినప్పుడు, ఆమె మరల అదే స్త్రీల నడుమనే బ్రదుకవలసియుండెను.

ఇక పుచ్చుకొను పెద్దలతో ఒక మాట. తల్లులారా, నచ్చనిదానిని బాగున్నదని అబద్ధము చెప్పవలెనని మేము అడుగుట లేదు. అయితే గుడ్డను చూచుటకు ముందు కుట్టిన చేతిని చూడుడి. "జర చేతులు వదులు జెయ్యి బిడ్డా" అను మాటయు "గిదేం కుట్టు" అను మాటయు ఒకే లోపమును చెప్పును. మొదటిది బిడ్డను దగ్గరకు పిలుచును, రెండవది వాకిటి బయట నిలుపును. కొన్ని మారులు మీ మనస్సు నొచ్చినది గుడ్డతో కాదని మేమెరుగుదుము. కొడుకు పూనాకో బొంబాయికో పనికి పోయి, పండుగకు తాను రాక గుడ్డ మాత్రము పంపినప్పుడు ఏ తల్లికైనను ఆ గుడ్డ నచ్చునా? అట్లయిన "కొడుకు రాలేదని నాకు బాధగా ఉన్నది" అని చెప్పుడి. ఆ కోపమును కోడలి కుట్టుమీద పెట్టకుడి. కుమారులారా, మీరును వినుడి. మీరు చేయవలసిన రాకను మీ భార్య సూది చేయలేదు.

మొదట అడిగిన ప్రశ్నకు మా జవాబు ఇది. మెచ్చుకొనవలెనని అడుగు హక్కు ఇచ్చువారికి లేదు. కుట్టు ముగిసినప్పుడు ముడివేసి దారము కత్తిరింతుము. కత్తిరింపని యెడల గుడ్డ ఆమె ఒంటిమీదను, సూది మన చేతిలోను ఉండును, ఆమె కదలినప్పుడెల్ల మన చేయి లాగబడును. సహోదరీ, ఈ పండుగకు ఆమెకు తగినది చూచి, ఆమెను అడిగి, లోపల రెండు వ్రేళ్ల గుడ్డ వదలి, నీ చేతనైనంత చక్కగా కుట్టుము. ఆమె చేతికి ఇచ్చి, దారము కత్తిరించి, నెమ్మదిగా నీ యింటి పనికి పొమ్ము. ఆమె పది మాటలు అనినను, వాటిలో నిజమైన ఒక మాటను వచ్చే యేటి కొలతగా పెట్టుకొనుము. మిగిలిన తొమ్మిదింటిని నీ బిడ్డల యొద్దకు మోసికొని పోకుము.