లోపలి మడ్డి

పరిచర్యకు మేము వాడు పాత అంబాసిడరు కారుకు వేళకు ఆయిలు మార్చుచునే యున్నాము. అయినను ఇంజనులో మడ్డి యుండునేమోయని, ఆయిలులో కలుపు శుభ్రపరచు మందు పోయుదుమా యని షెడ్డు మేస్త్రీ నడిగితిమి.

“అక్కరలేదండీ. మసిని కడిగి, పేరుకొననీయక తేల్చియుంచు మందు మంచి ఆయిలులోనే కలిసియున్నది. వేళకు ఆయిలు, ఫిల్టరు మార్చిన చాలును. ఏండ్ల తరబడి పేరుకొన్న మడ్డిని ఒక్కసారిగా కదల్చినయెడల, అది ఆయిలు పీల్చు జల్లెడకు అడ్డుపడి ఇంజనునే చెరుపవచ్చును” అనెను.

ఆ మాట మాకు గ్రుచ్చుకొనెను. ఏడాదికొకసారి ఉజ్జీవ కూటములలో కన్నీరు కార్చి, తక్కిన దినములు పగను లోపల పేరుకొననిచ్చుచున్నాము గదా! 19వ కీర్తన 12వ వచనములో కీర్తనకారుడు దాగియున్న తప్పులనుండి శుద్ధి కోరెను. మనమును దినదినము ఆలాగే వేడుకొందము. ఈ రాత్రి పండుకొనకముందే, మాటలు మానుకొనిన సహోదరుని గడప తొక్కుదము.