వంగిన వెన్నును, నిరీక్షణయు



తెలుగు బైబిలునందు క్రైస్తవుని ఆశకు వాడబడిన మాట నిరీక్షణ. ఆశ యనగా కోరిక. నిరీక్షణ యనగా ఎదురుచూపు. కోరిక తీరనిచో ఆశ చచ్చును. ఎదురుచూచువానికి రావలసినవాడు వచ్చునను నమ్మకము చాలును. దినమును గడియయు తెలియనక్కఱలేదు. ఈ భేదమును పండితచర్చకొఱకు మేము చెప్పుటలేదు. నల్లగొండ, పాలమూరు మెట్టసీమలలోని వృద్ధుల దేహములను చూచినపుడు ఈ మాటను పరీక్షింపక తీరదని మాకు తోచినది.

ఆ సీమలలో నేలక్రిందిది గ్రానైటురాయి. ఆ రాతిలోని ఫ్లోరైడు నీటిలో కరగి, బావులగుండ మనుష్యుల యెముకలలో చేరును. నెల్లూరు సీమలో ఈ రోగమును వైద్యులు 1937లో వర్ణించిరి. నల్లగొండ సంగతి 1945లో వైద్యపత్రిక కెక్కినది. లీటరునీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచారోగ్యసంస్థవారి నిర్ణయము. మఱ్ఱిగూడ, మునుగోడు ప్రాంతములలో పెక్కు బావులు ఆ హద్దును ఎన్నడో దాటినవి. పిల్లల దంతములు పసుపుబారి గారపట్టును. నడివయస్సున కీళ్లు బిగియును. వెన్ను విల్లువలె వంగును. మెడ త్రిప్పవలెనన్న దేహమంతయు త్రిప్పవలెను. నలువదియేండ్లవాడు డెబ్బదియేండ్లవానివలె కఱ్ఱపట్టును.

ఇట్టి రోగిని చూచి "పూర్వజన్మపాపము" అనుట మనలో వాడుక. ఇంత సుళువైన మాటయు, ఇంత క్రూరమైన మాటయు మఱియొకటి లేదు. పుట్టుగ్రుడ్డివానిని చూపి, పాపము చేసినది వీడా, వీని తల్లిదండ్రులా యని శిష్యులు ప్రశ్నింపగా, యేసు ఆ రెండును కాదనెను. నల్లగొండ విషయమున శాస్త్రమును అట్లే తీర్పు చెప్పినది: దోషము నీటిది. ఊరిబావిని వాడబావిని వేఱుపఱచి కాపాడుకొన్న పెద్దలకు ఈ రోగము నేర్పిన పాఠ మొకటి కలదు. చేంతాళ్లు వేఱైనను క్రిందిరాయి యొక్కటియే.

ఆ వాడలలోనికే క్రైస్తవబోధ వచ్చినది. అమెరికా బాప్టిస్టు మిషను 1885లో పాలమూరున నెలకొనెను. రష్యాదేశపు మెన్నొనైటులైన ఏబ్రహాము ఫ్రీసెన్ దంపతులు 1890లో నల్లగొండ చేరిరి. కేథరీనా షెల్లెన్‌బర్గ్ అను వైద్యురాలు 1907లో వచ్చి, ఇచ్చటి రోగులకే జీవితము ధారపోసి, 1945లో శంషాబాదున కన్నుమూసెను. సంఘములలో చేరినవారిలో పెక్కుమంది కూలినాలి చేసికొను మాల మాదిగలు. వారికి పరలోకమును బోధించిన చేతులే మందుసీసాను పట్టినవి. ఇది చిన్నసంగతి కాదు. పైలోకమున సుఖపడుదువు గాన ఇక్కడ ఓర్చుకొమ్మని చెప్పి చేతులు దులుపుకొనుట నిరీక్షణ కాదు, సోమరితనము. లూకా సువార్తలో పదునెనిమిదియేండ్లు నడుము వంగి నిలువలేకపోయిన స్త్రీ కథ కలదు. యేసు ఆమెను విశ్రాంతిదినముననే స్వస్థపఱచెను. తక్కిన ఆఱుదినములలో రాగూడదా యని సమాజమందిరపు అధికారి మండిపడెను. ఒక్కదినమైనను ఆగుటకు యేసు ఒప్పుకొనలేదు.

నీటిని బాగుచేయుటయు ఈ జాతి కార్యమే. పటికయు సున్నమును కలిపి ఫ్లోరైడును తేర్చు విధానమును నాగపూరు పరిశోధనాలయమువారు కనిపెట్టిరి. దానికి నల్లగొండ పేరే పెట్టబడినది. పిమ్మట కృష్ణాజలము గొట్టములలో వచ్చెను. 2016లో ఆరంభమైన భగీరథ పథకముతో నల్లానీరు ఇండ్లకు చేరెను.

కాని చిక్కు ఇచ్చటనే యున్నది. మంచినీటితో పెరుగు మనుమని దంతములు తెల్లగా నుండును; అవ్వ వెన్ను మాత్రము నిలువబడదు. ఎముకలో ఏండ్లతరబడి గట్టిపడినదానిని కరగించు మందు లేదు. సువార్తలోని స్త్రీ లేచి నిలిచినది. గుడిలో ఆ కథ చదువునపుడు ఈ అవ్వ మనస్సున ఏమి కలుగును? నీకు విశ్వాసము చాలలేదనుట, పూర్వజన్మపాపమనుటకంటె ఏపాటి మేలు?

పౌలు ఇచ్చట మనకు తోడగును. తన శరీరములో ముల్లువంటి బాధ యుండెననియు, తీసివేయుమని ముమ్మాఱు వేడితిననియు ఆయన వ్రాసికొనెను. ముల్లు తొలగలేదు; మోయు బలము దొరకెను. దేహము క్షయించుచుండగనే లోపలిజీవము చిగిర్చునని ఆయన బోధించినది ఆరోగ్యవంతుని వేదాంతము కాదు.

తోమా కథ ఇంకను లోతునకు పోవును. సమాధినుండి లేచిన క్రీస్తు శిష్యునకు చూపినది మచ్చలేని దేహమును కాదు. మేకులు దిగిన చేతులను, ఈటె దిగిన ప్రక్కను. మహిమ వచ్చినను గాయముల గుఱుతులు పోలేదు. కావున అవ్వ ఎదురుచూచునది తన బ్రతుకంతయు తుడిచివేసి యిచ్చు క్రొత్తతొడుగును కాదు. ఆ వెన్నుతోనే ఆమె నాట్లు వేసినది, నీళ్లు మోసినది, బిడ్డల నెత్తుకొన్నది. గాయములు గల దేవుడు దాని నెఱిగియున్నాడనియు, ఆయన యెదుటికే తాను పోవుచున్నాననియు నమ్ముటయే ఆమె నిరీక్షణ. అందాక ఆమెను గుడిలోనికి మోసికొనిపోవు చేతులు నాలుగు సంఘమున నుండవలెను; ప్రార్థనవేళ మోకాళ్లూనుమని ఆమెను ఎవరును అడుగరాదు.