కొల్లేరు ఖాళీ అయ్యే కాలం

ఈనాటి వాక్యభాగం: యిర్మీయా 8:4–7

ఫిబ్రవరి నెలాఖరుకి ఏలూరు కాలువ గట్ల మీద కానుగలు పండుటాకులు రాల్చి, వారం తిరక్కుండానే తళతళలాడే లేతాకులు తొడుక్కుంటాయి. తాడేపల్లిగూడెం పెరళ్ళలో మునగ తెల్లగా పూస్తుంది. కంసాలిపిట్ట పొద్దున్నే మొదలుపెట్టి ఎండ ముదిరేదాకా టుక్ టుక్ మంటూనే ఉంటుంది. మామిడి పూత మీద ఈగలూ తేనెటీగలూ ముసురుతుంటే రైతు మాత్రం ఆకాశం వైపు చూస్తుంటాడు. మబ్బు పట్టినా, మంచు ఎక్కువైనా తేనెమంచు పురుగు చేరుతుందని, పూత మాడిపోతుందని అతని భయం. వెంకట్రామన్నగూడెంలో 2007 నుంచి ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్న సీమ ఇది. ఇక్కడ పూతను గమనించడం సరదా కాదు, బతుకుతెరువు.

ఈ గుర్తులన్నీ మనం ఇట్టే పట్టుకుంటాం. చిగురు వచ్చింది, పూత వచ్చింది, కోయిల వచ్చింది అంటాం. వసంతమంటే మనకు రాక.

అదే వారాల్లో కొల్లేటి మీద ఇంకొకటి జరుగుతుంది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చి పోసిన నీళ్ళు ఉప్పుటేరు దారిన సముద్రానికి దిగిపోతుంటాయి. లోతు తగ్గినచోట మిగిలిన మడుగుల్లో చేపలు కిక్కిరుస్తాయి, కొంగలకు అక్కడ పండగ. ఆ సందడి నడుస్తుండగానే ఉత్తరాది పక్షులు గుంపులు గుంపులుగా లేచి వెళ్ళిపోతాయి. సూదితోక బాతులు హిమాలయాలు దాటి ఉత్తర ఆసియా చిత్తడి నేలలకు పోవాలి. చలికాలమంతా చేల మీద మబ్బుల్లా తిరిగిన గులాబీ గోరింకలు, మోదుగ పూలలో తేనె తాగి, మధ్య ఆసియా గడ్డిమైదానాల దారి పడతాయి. నిన్న నల్లగా కనిపించిన నీళ్ళు ఈరోజు బోసిగా ఉంటాయి. మన సీమలో వసంతపు మొదటి గుర్తుల్లో ఇదొకటి. దీన్ని చూసేవాళ్ళు తక్కువ.

వాటిని మనం అతిథి పక్షులంటాం. మన గట్టు మీద నిలబడి చూస్తే అవి మనల్ని విడిచి పోతున్నాయి. వాటి వైపు నుంచి చూస్తే ఇంటికి పోతున్నాయి. గూడు కట్టేదీ, గుడ్డు పెట్టేదీ, పిల్లల్ని సాకేదీ అక్కడే.

యిర్మీయా ప్రవక్త ఉన్న దేశం కొంగల దారిలో ఉంది. ఆఫ్రికాలో చలికాలం గడిపిన తెల్లకొంగలు ఐరోపాకు తిరిగి వెళ్తూ, వసంతంలో యొర్దాను లోయ మీదుగా లక్షల్లో సాగిపోతాయి. ఆ గుంపుల్ని చూడకుండా అక్కడ ఎవరూ పెరగరు. అందుకే ఆయన ఎత్తి చూపింది ఆ పక్షినే. ఆకాశంలో ఎగిరే కొంగకు తన కాలమేదో తెలుసు, గువ్వకూ చిన్న పిట్టలకూ తాము రావలసిన వేళ తెలుసు, నా ప్రజలకే నా న్యాయవిధి తెలియదు అని దేవుడు వాపోతున్నాడు. ఈ ఒక్క వచనమే చదివితే అది అజ్ఞానం మీద ఫిర్యాదులా ఉంటుంది. నాలుగో వచనం నుంచి చదవండి. పడినవాడు లేవడా, దారి తప్పినవాడు తిరిగి రాడా అని అడుగుతున్నాడు. ఆయన బాధ తేదీలు తెలియలేదని కాదు, తిరిగి రాలేదని. పక్షుల్లో ఆయన మెచ్చుకున్నది తిరిగి పోవడాన్ని.

వలస పక్షి బయలుదేరడం ఒక్క రోజు పని కాదు. పగటి పొద్దు పెరుగుతుంటే దాని ఒంట్లో మార్పు మొదలవుతుంది. ముందు వారాల్లో విపరీతంగా తిని కొవ్వు కూడబెట్టుకుంటుంది. శాస్త్రజ్ఞులు గమనించిన ఇంకో సంగతి నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. రాత్రిపూట ప్రయాణించే వలస పక్షిని పంజరంలో పెట్టినా, ఆ కాలం రాగానే రాత్రంతా నిద్రమాని రెక్కలు కొట్టుకుంటుంది. తిండి ఉంది, నీళ్ళున్నాయి, పిల్లి భయం లేదు. అయినా నిలవలేదు. సృష్టికర్త దాని లోపల పెట్టిన పిలుపు పంజరానికి లొంగదు.

మనలోనూ అలాంటి కలత ఒకటి ఉంది. గట్టు తగాదాలో మాట్లాడ్డం మానేసిన అన్నయ్య మొహం ఉన్నట్టుండి గుర్తొచ్చి నిద్ర పట్టదు. ఆదివారం ఆరాధనలో అందరితో పాటు పాడుతుంటే, నేను చాలా దూరంలో ఉన్నానని ఒక్క క్షణం తెలుస్తుంది. వెంటనే ఫోను తీస్తాం, టీవీ పెడతాం, పనిలో పడతాం. ఆ కలతను అంత తొందరగా నోరు మూయించకండి. భస్మ బుధవారంతో మొదలయ్యే శ్రమదినాలు మన దగ్గర సరిగ్గా ఈ పక్షులు లేచే వేళకే వస్తాయి. నలభై రోజుల ఉపవాసం మనల్ని మనం శిక్షించుకోవడానికి కాదు. ఇంటి దారి పట్టడానికి.

తిరిగి రావడం గురించి కొల్లేటికి తనదైన కథ కూడా ఉంది. గూడబాతులు సైబీరియా నుంచి వస్తాయని చాలామంది అంటారు. అవి మన దేశపు పక్షులే, నీళ్ళను బట్టి ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారుతుంటాయి. 1946లో కె.కె. నీలకంఠన్ అనే కేరళ పక్షి శాస్త్రజ్ఞుడు పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో వాటి గూళ్ళను గుర్తించి లోకానికి చెప్పాడు. 1970ల మధ్యకి ఈ ప్రాంతంలో ఆ గూళ్ళు దాదాపు ఖాళీ అయ్యాయి. కొన్ని దశాబ్దాల తర్వాత కైకలూరు పక్కన ఆటపాక చెరువులో అవే పక్షులు మళ్ళీ కాపురం పెట్టాయి. గూళ్ళకు చెట్లు చాలకపోతే అటవీ శాఖ నీళ్ళలో ఇనుప మంచెలు నిలబెట్టింది. ఇప్పుడు వాటి మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు పక్కపక్కనే పిల్లల్ని పెంచుతున్నాయి. గుడ్డు పొదగడానికి నెల, పిల్ల రెక్కలు ముదరడానికి మరి మూడు నాలుగు నెలలు. వేసవి మొదలయ్యేసరికి తల్లీపిల్లా ఎగిరిపోతాయి.

ఆ మంచెల దగ్గర నాకు సంఘం గుర్తొస్తుంది. చాలా కాలం తర్వాత మందిరంలోకి వచ్చిన మనిషికి మనం ఏం నిలబెట్టాం? ఎవరో తిరిగి చూస్తారు, ఎవరో గుసగుసలాడతారు. అతను వెనక వరుసలో కూర్చుని ముగింపు ప్రార్థన కాకముందే వెళ్ళిపోతాడు. తిరిగి రమ్మని పిలిచేది దేవుడే. వచ్చాక కూర్చోడానికి చోటు చూపించవలసింది మనం.

కొల్లేటి సంగతీ అంతే. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో ప్రపంచ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్సర్ జాబితాలో చేర్చారు. 2006లో సరస్సును ఆక్రమించిన చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు, తర్వాత చాలాచోట్ల మళ్ళీ కట్టారు. ఆ గట్ల మీద బతికే కుటుంబాలు మన సంఘాల్లోనే ఉన్నాయి, వాళ్ళ కష్టం తేలికైంది కాదు. అయినా విశ్వాసులుగా మనం ఈ మాట ఒప్పుకోవాలి: పక్షి తన వేళ తప్పలేదు. అది వచ్చేసరికి నీళ్ళు నీళ్ళలా ఉంచడం మన చేతుల్లో ఉన్న పని.

ఈరోజు సాయంత్రం వీలైతే ఒకసారి ఆకాశం చూడండి. ఉత్తరంగా సాగే గుంపు కనిపిస్తే, మీరు తిరిగి వెళ్ళవలసిన మనిషి ఎవరో ప్రభువును అడగండి. పేరు తెలిసిందంటే, రేపటికి పెట్టుకోకుండా ఆ ఇంటికి వెళ్ళండి.

ప్రార్థన: తండ్రీ, పూతను చూసి సంతోషించే కళ్ళిచ్చావు, నీకు స్తోత్రం. మాలో నువ్వు పెట్టిన కలతను మేం అణిచేసుకున్న రాత్రులను క్షమించు. కువైట్‌లో ఇళ్ళల్లో పనిచేస్తూ పిల్లల్ని తలుచుకునే మా తల్లులను క్షేమంగా తీసుకురా. మాట్లాడుకోని అన్నదమ్ములను ఈ శ్రమదినాల్లోనే ఒక గుమ్మంలో నిలబెట్టు. కొల్లేటి లంకల్లో వల వేసేవాళ్ళకు చేపనూ, పక్షికి మేతనూ, ఆ నీళ్ళను పాలించేవాళ్ళకు న్యాయబుద్ధినీ దయచేయి. యేసు నామంలో అడుగుతున్నాం. ఆమేన్.