వంతు ధర్మము: ఉమ్మడి పనిముట్లపై దాసోహ దృష్టి

తెలుగు పల్లెలలో పెండ్లికి గాని సమారాధనకు గాని కావలసిన పెద్ద గుండిగలు, గంగాళములు ప్రతి ఇంటను ఉండవు. అవి గుడిలోనో, మఠములోనో, సత్రములోనో ఉండును. అక్కరగలవారు వానిని పుచ్చుకొనిపోయి, పని ముగిసిన పిదప తోమి తెచ్చి అప్పగింతురు. పొరుగింటివారి గిన్నెను ఖాళీగా తిరిగి పంపరాదను మర్యాదయు ఈ గడ్డమీద ఉన్నది. ఈ వాడుకను ఎవరును సహకారోద్యమమని పిలువలేదు. అయినను పనిముట్టు ఒకరిది కాకపోయినను వంతు అందరిదియు అను ధర్మము అందులో ఇమిడి యున్నది.

నేడు గుండిగ స్థానమున ట్రాక్టరు వచ్చినది, వరికోత యంత్రము వచ్చినది. వస్తువు పెద్దదైనది గాని ప్రశ్న మారలేదు. పదిమందికి ఒకటే పనిముట్టు ఉన్నపుడు మొదట ఎవరికి ఈయవలెను? తీసికొనుటకు అర్హుడెవడు? తిరిగి తెచ్చువాడు దానిని ఏ స్థితిలో తేవలెను? ఇవి లెక్కల పుస్తకపు ప్రశ్నలుగా కనిపించును గాని నిజమునకు నీతి ప్రశ్నలు.

గోదావరి తూర్పు డెల్టాలోని రాయవరమును, దాని చుట్టుప్రక్కల గ్రామములను ఉదాహరణముగా గైకొనవచ్చును. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడినపుడు రాయవరం మండలము అందులో చేర్చబడినది. ధవళేశ్వరమున 1847లో ఆరంభించి 1852లో ముగించిన ఆనకట్ట ఈ డెల్టాకు నీటిని తెచ్చినది. ఆ నీటితో సార్వా, దాళ్వా అను రెండు వరిపంటలు పండుచున్నవి. కాలువ నీరు అందరిదియు గనుక, వంతు లేక నీరు పారదని ఇచటి రైతునకు తాతల కాలమునుండియు తెలియును. పైచేను వాడు తూము మూయకున్న దిగువచేను ఎండునని అతనికి ఎవరును బోధింపనక్కరలేదు.

అయితే నీటికి వచ్చిన ఆ క్రమశిక్షణ యంత్రమునకు ఇంకను పూర్తిగా రాలేదు. అందుకు కారణము గలదు. ఒకప్పుడు కొడవలి ప్రతి చేతను ఉండెడిది, కోతకు మనుషులు దొరకెడివారు. నేడు కూలీలు చాలరు, కూలి ఖర్చు పెరిగినది. పెట్టుబడి భారము, కూలీల కొరత, గిట్టుబాటు ధర లేకపోవుట మున్నగు కారణములచే 2011లో కోనసీమ రైతులు వేలాది ఎకరములలో సార్వా సాగు మానివేసి పంట విరామము ప్రకటించిన సంగతి దేశమంతటికిని తెలిసినదే. యంత్రము లేనిదే సాగు సాగని దినములు వచ్చినవి. కాని అయిదెకరముల రైతు లక్షల రూపాయల యంత్రమును సొంతముగా కొనజాలడు. కొన్నను సంవత్సరములో కొద్ది దినములు మాత్రమే దానికి పని యుండును. తక్కిన కాలము అప్పునకు వడ్డీ పెరుగుచుండును, ఇనుమునకు త్రుప్పు పట్టుచుండును.

కావున ఉమ్మడిగా కొని వంతులవారీగా వాడుకొనుట వివేకము. లోకమున ఇది క్రొత్త కాదు. ఫ్రాన్సు దేశమున వ్యవసాయ పరికరములను ఉమ్మడిగా వాడుకొను సహకార సంఘములకు 1945లోనే చట్టబద్ధమైన రూపము ఏర్పడినది. జర్మనీలోని బవేరియా ప్రాంతమున 1958లో రైతులు తమ తమ యంత్రములను ఒకరికొకరు నిర్ణీతమైన బాడుగకు ఇచ్చిపుచ్చుకొను కూటమిని నెలకొల్పిరి. అమెరికాలోని బర్క్‌లీ నగర గ్రంథాలయము 1979నుండి పుస్తకములవలెనే సుత్తులను, రంపములను, నిచ్చెనలను ఎరువిచ్చు శాఖను నడుపుచున్నది. మన దేశమున 2014-15లో మొదలైన వ్యవసాయ యాంత్రీకరణ ఉపపథకము అద్దె యంత్రముల కేంద్రములకు సబ్సిడీ కల్పించినది. ఆంధ్రప్రదేశమున యంత్ర సేవా పథకము క్రింద, నాటి రైతు భరోసా కేంద్రముల పరిధిలోని రైతు బృందములకు యంత్రపు వెలలో నూటికి 40 వంతులు సబ్సిడీగాను, 50 వంతులు బ్యాంకు అప్పుగాను లభించినవి. రైతులు పెట్టుకొనవలసినది 10 వంతులు. 2022 జూన్ 7న గుంటూరులో 3,800 ట్రాక్టర్లు, 320 వరికోత యంత్రములు ఇట్టి బృందములకు అందజేయబడినవి.

యంత్రము వచ్చినంతమాత్రమున సంఘము వచ్చినట్లు కాదు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చినట్లని లోకమున సామెత కలదు. అందరిదియు అయిన వస్తువును ఎవరును తనదిగా చూచుకొనరని ఆ సామెత తాత్పర్యము. దీనిని తేలికగా త్రోసిపుచ్చరాదు. ఉమ్మడి వ్యవహారములు చెడిపోవుటను కన్నులార చూచిన పల్లె అనుభవము అందున్నది.

ఇచట ఒక సన్నివేశమును ఊహించి చూతము. ఒక ఊరిలో మూడు వందల ఎకరముల వరి కోతకు వచ్చినది. సంఘమునకు ఒకే వరికోత యంత్రము గలదు. అది గంటకు సుమారు ఒక ఎకరము కోయును. దినమునకు పది గంటలు నడచిన పది ఎకరములు. ఊరంతయు కోయుటకు ఒక నెల పట్టును. ఇంతలో మూడు దినములలో తుఫాను వచ్చునని హెచ్చరిక వచ్చినది. 1996 నవంబరు తుఫాను కోనసీమను కుదిపినది. 2023 డిసెంబరు 5న బాపట్ల వద్ద తీరము దాటిన మిచౌంగ్ తుఫాను గోదావరి జిల్లాలలో సైతము కోతకు వచ్చిన వరిని ముంచినది. కనుక ఇది వట్టి ఊహ కాదు. ఆ మూడు దినములలో కోయగలిగినది ముప్పది ఎకరములు మాత్రమే. ఆ ముప్పది ఎకరములు ఎవరివి కావలెను?

అధిక మూలధనము పెట్టినవారివి కావలెనని మొదటి వాదము. వారి సొమ్ము లేనిదే యంత్రమే లేదు గదా యని వారందురు. అందు కొంత న్యాయము లేకపోలేదు. కాని ఆ యంత్రపు వెలలో నూటికి 40 వంతులు ప్రభుత్వము పక్షమున ప్రజలందరును ఇచ్చినవే. పైగా అధిక ధనము గలవానికి బయటి యంత్రమును హెచ్చు బాడుగకు తెచ్చుకొను శక్తియు ఉండును. అట్టి శక్తి లేనివారికొరకే సంఘము పుట్టినది. ఉన్నవానికే మొదట ఇచ్చిన సంఘమునకును బాడుగ వర్తకునకును భేదమేమి?

ముందుగా పేరు వ్రాయించుకొన్నవానికి ముందుగా ఈయవలెనని రెండవ వాదము. ఇది న్యాయముగా తోచును. కాని ముందుగా తెలిసినవాడే ముందుగా వ్రాయించుకొనును. కార్యాలయమునకు ఎదురింటివాడు మొదటివాడగును, పొలములో ఉన్న కౌలుదారు కడపటివాడగును. అక్కర ఎక్కువ ఎవరిదో వారికే ఈయవలెనని మూడవ వాదము. ఇది దయతో కూడినది. అయితే గాలి వీచుచుండగా అక్కరను తూచువాడెవడు? ప్రతివాడును తన చేనే పల్లమని చెప్పును. కమిటీవారి బంధువుల అక్కర అందరికంటె పెద్దదిగా కనిపించును.

కావున వంతును వాన రాకముందే నిర్ణయింపవలెను. రేపు ఎవరి చేను ఏ స్థితిలో ఉండునో ఎవరికిని తెలియని దినమున, నాటు వేయునాడే, అందరును కూర్చుండి నియమము వ్రాసికొనవలెను. యంత్రము ఊరంతట ఇటునటు తిరిగిన డీజిలు వ్యర్థము, కాలము వ్యర్థము. కావున చేలను కాలువలవారీగా భాగించి, ఏ భాగము మొదటిదో ఏటేట మార్చుచుండవలెను. తుఫాను హెచ్చరిక వచ్చినపుడు మాత్రము నీరు నిలుచు పల్లపు భాగము మొదటిది. ఆ భాగములో సైతము ఏ రైతునకైనను మొదట ఒక ఎకరము, అందరికిని ఒక్కొక్క ఎకరము తీరిన పిదపనే రెండవది. సంఘాధ్యక్షుని చేను తన భాగములో కడపటిది. ఈ నియమముల వలన అందరి పంటయు దక్కదు. మునిగెడి చేలు మునుగును. కాని మునిగినవాడు మరునాడు సంఘమును దూషింపడు. తన వంతు అన్యాయముగా పోలేదని అతనికి తెలియును.

ఉమ్మడి వనరులను జనులు ఎట్లు కాపాడుకొందురో పలు దేశములలో పరిశోధించి 1990లో గ్రంథము ప్రకటించిన ఎలినార్ ఆస్ట్రమ్ అను విదుషీమణి 2009లో ఆర్థికశాస్త్రమున నోబెల్ బహుమానము పొందినది. వాడుకొనువారే నియమములు చేసికొనుట, కావలివారు వాడుకరులకు జవాబుదారులగుట, తప్పు చేసినవానికి మొదట స్వల్పదండనము, మరల చేసిన అధికదండనము విధించుట — ఇట్టివి ఉన్నచోట ఉమ్మడి సొత్తు నిలుచునని ఆమె తేల్చినది. సామెత చెప్పిన గొర్రె ఉమ్మడి అయినందున చావలేదు. కాపరి ఎవరో నిర్ణయింపనందున చచ్చినది.

ఈ సందర్భమున శరణుల మార్గము స్మరింపదగినది. పండ్రెండవ శతాబ్దమున కల్యాణమున బసవేశ్వరుని చుట్టు చేరిన శరణులలో పలువురు తమ పనిముట్లచేతనే పేరుగాంచిరి. అంబిగర చౌడయ్య చేత తెడ్డు, మేదర కేతయ్య చేత వెదురు చీల్చు కత్తి, హరళయ్య చేత తోలు కుట్టు ఆరె. పనిముట్టు వారికి బ్రతుకుతెరువు మాత్రమే గాక కాయకమునకు సాధనము. కాయకఫలము దాసోహమునకు చేరవలెను. మనకు అక్కరకు మించినది మనది కాదను భావమే దాసోహమునకు మూలము. రాలిన బియ్యపు గింజలను ఏరుకొని జీవించిన ఆయ్దక్కి మారయ్య ఒకనాడు నిత్యముకంటె ఎక్కువ తెచ్చెననియు, ఆయన భార్య లక్కమ్మ అది తగదని తిరిగి పోసి రమ్మనెననియు శరణచరిత్రలు చెప్పును. అన్నము లేని ఇంటిలో అంత మాట అనుటకు ఎంతటి నిగ్రహము కావలెనో యోచింపవలెను. తన చేను ముగిసినను, రేపు పనికివచ్చునేమో యని యంత్రమును తన దొడ్డిలోనే నిలుపుకొను రైతునకు లక్కమ్మ మాట నేరుగా తగులును.

అయితే దాసోహమనగా ఉచితమని భ్రమింపరాదు. బాడుగ లేక యంత్రమును ఇచ్చిన సంఘము రెండేండ్లలో మూతపడును. డీజిలు, నడపువాని జీతము, మరమ్మతు, బ్యాంకు కిస్తీ గాక, యంత్రపు అరుగుదలకును సొమ్ము దాచవలెను. పదేండ్లు పనిచేయు యంత్రమైనచో ఏటేట దాని వెలలో పదవ వంతు ప్రక్కన పెట్టవలెను. అట్లు పెట్టని సంఘము తన పిల్లల వంతును తాను తినుచున్నదన్నమాట. సబ్సిడీ ఒక్కసారి వచ్చును. రెండవ యంత్రము మన బాడుగలోనుండియే రావలెను.

విరిగిన పనిముట్టు సంగతి మరియొకటి. ఎరువుల సొమ్ము బరువుల చేటని పెద్దలందురు. ఎరువు తెచ్చుకొన్నది పాడైన పోయినది వస్తువొక్కటే కాదు, మాట కూడ పోవును. ఆ భయముచేతనే పలువురు విరిగినదానిని దాచి, విరగనట్లు అప్పగింతురు. మరునాడు తీసికొన్న అమాయకుని మీద నేరము పడును. కావున సంఘము విరుగుటకంటె దాచుటను పెద్ద తప్పుగా ఎంచవలెను. వాడుకలో సహజముగా అరిగినచో సంఘమే భరింపవలెను. అజాగ్రత్తవలన విరిగినను తానై వచ్చి చెప్పినవానినుండి సగము ఖర్చు మాత్రమే తీసికొనవలెను. దాచినవాడు పూర్తి ఖర్చుతోపాటు ఒక పంటకాలపు వంతును కోల్పోవలెను. సత్యము చెప్పుట చౌకగా నుండిననే బీదవాడు సత్యము చెప్పగలడు.

కడపటి ప్రశ్న అన్నిటికంటె కఠినమైనది. సభ్యుడెవడు? గోదావరి డెల్టాలో చేలో దిగి పనిచేయువారిలో ఎందరో కౌలుదారులు. పట్టాదారు పుస్తకము వారి పేర ఉండదు. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టము పదకొండు నెలలకు హక్కు పత్రము ఇచ్చుటకు వీలు కల్పించినను, దానికి భూయజమాని సమ్మతి అవసరమైనది. భూమిపై హక్కు పోవునేమో యని సంతకమునకు వెనుదీసిన యజమానులు పలువురు. పత్రము లేనివానికి బ్యాంకు అప్పు లేదు, బృందమున పేరు లేదు. ఇట్లు ఉమ్మడి యంత్రము వచ్చినను, ఆ యంత్రముతో నిజముగా పనిగలవాడు వంతుల పట్టికకు వెలుపల నిలుచును.

సంఘమున చేరుటకు పుట్టుకనుగాని భూమినిగాని ప్రమాణముగా గైకొనుట శరణధర్మమునకు దూరము. అనుభవ మంటపమున ప్రవేశమునకు కాయకమే గుర్తు. చేను దున్నువాడెవడో ఊరెరుగును. దానికి కాగితము అక్కరలేదు. మూలధనపు సభ్యత్వము పట్టాదారునకే పరిమితమైనను, వాడుక సభ్యత్వమును స్వల్ప రుసుముతో కౌలుదారునకు ఈయవచ్చును. వంతుల పట్టిక భూమి ఎవరి పేర నున్నదను దానినిబట్టి గాక, పంట ఎవరు పండించుచున్నారను దానినిబట్టి వ్రాయవలెను. యజమాని సమ్మతి అడుగనక్కరలేదు. ఇరుగుచేల రైతులిద్దరి సాక్ష్యము చాలును.

ఈ విషయమున మఠములును, కుటుంబములును చేయదగిన పని గలదు. కోట్ల రూపాయల యంత్రములతోనే మొదలుపెట్టనక్కరలేదు. ధాన్యము ఆరబెట్టు బరకాలు, మందు కొట్టు స్ప్రేయర్లు, దమ్ము చక్రములు, నీరు తోడు ఇంజన్లు, నిచ్చెనలు, గునపములు ఒక గదిలో నుంచి, గోడకు పట్టిక వ్రేలాడదీసి, ఎవరు తీసికొన్నారో, ఎన్నడు తెత్తురో, ఏ స్థితిలో తెచ్చిరో అందరికిని కనిపించునట్లు వ్రాసిన చాలును. వాన ముంచుకొచ్చినపుడు చేతికందిన ఒక్క బరకము ఒక కుటుంబపు ఆరునెలల కష్టమును కాపాడును.

తీసికొనుటలో అందరును సమానముగా ఉత్సాహవంతులు. భక్తి పరీక్ష తిరిగి ఇచ్చుటలో జరుగును. బురద కడిగి, నూనె పోసి, పదును పెట్టి తెచ్చిన పనిముట్టు రేపు ఎవరి చేతికి పోవునో తెచ్చినవానికి తెలియదు. పేరైనను ఎరుగని ఆ మనుష్యునికొరకు చేసిన శుభ్రతయే దాసోహము. గుండిగను తోమి తెచ్చిన తల్లులు ఈ ధర్మమును ఎన్నడో ఆచరించి చూపిరి. ట్రాక్టరు విషయమున దానిని మరచిపోవుటకు తగిన కారణమేదియు లేదు.