మరల చదువవలసిన వీలునామా

కుమారులు లేని సెలోపెహాదు చనిపోగా, అతని అయిదుగురు కుమార్తెలు మోషే యెదుట నిలిచి తండ్రి స్వాస్థ్యము నడిగి పొందిరి. వారు వేరొక గోత్రములో పెండ్లాడినచో భూమి చేయిమారునని పెద్దలు మొరపెట్టిరి. దేవుడు వారి స్వాస్థ్యమును తీసివేయక, తండ్రి గోత్రములోనే వివాహమాడవలెనను నియమమును చేర్చెను (సంఖ్యా. 27, 36).

దైవాజ్ఞకే చేర్పు కలుగగా, మనము వీలునామా వ్రాసి పెట్టెలో మరచుట తగునా? 1925 భారత వారసత్వ చట్టము ప్రకారము, తెలివి స్వాధీనములో నుండగా దానిని ఎప్పుడైనను మార్చవచ్చును. మార్పునకును ఇద్దరు సాక్షులు కావలెను. వ్రాసినవాడు తరువాత వివాహమాడినచో అది రద్దగును.

కావున ఇంట జననము, వివాహము, మరణము కలిగినప్పుడెల్ల దానిని తీసి చదువుదము. విధవరాలై తిరిగివచ్చిన కుమార్తెకు అందులో చోటున్నదా? మనము పోయిన పిమ్మట బిడ్డలు వ్యాజ్యెమాడకుండ చూచుటయు ప్రేమయే.